రెండొందల టికెట్ రూల్ జులైలో వచ్చిందా, సెప్టెంబర్‌లో వచ్చిందా? అసలు రూల్ ఎప్పుడు పుడుతుంది?

వైట్‌ఫీల్డ్ శ్రీను · 4 అక్టోబర్ 2025, ఉదయం 10:12

అందరికీ నమస్తే. ఈ డౌట్ చాలా రోజులుగా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి. కర్ణాటకలో సినిమా టికెట్ రూ.200 దాటకూడదని నోటిఫికేషన్ వచ్చిందంటూ జులైలో మన గ్రూపులన్నీ మోత మోగించాయి. ఆగస్టులో వెళ్తే హాల్లో పాత రేట్లే. అడిగితే "అదింకా రాలేదు సార్" అన్నారు. సెప్టెంబర్‌లో మళ్లీ "వచ్చేసింది" అన్నారు. రెండు వారాలు తిరక్కముందే హైకోర్టు స్టే. ఊళ్లో ఉన్నప్పుడు మనకు తెలిసింది ఒకటే, జీవో వచ్చిందా లేదా అని. ఇక్కడ ఒకే రూల్ రెండుసార్లు ఎలా వస్తుంది? మొదటిదానికి విలువ లేకపోతే గెజిట్‌లో (ప్రభుత్వ అధికారిక పత్రికలో) ఎందుకు వేశారు?

సిల్క్‌బోర్డ్ బాధితుడు · ఉదయం 10:20

జులైది ట్రైలర్, సెప్టెంబర్‌ది రిలీజు, హైకోర్టుది ఇంటర్వెల్. శుభం కార్డు ఎప్పుడో ఎవరికీ తెలియదు.

పాతఫైలు · ఉదయం 11:05

శ్రీనుగారూ, నేను ఇక్కడి సచివాలయంలో పనిచేసి రిటైరైనవాణ్ని. కోలారు జిల్లా, ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ. తెలిసినంతలో చెప్తాను.

శాసనసభ చేసిన చట్టంలో అన్నీ ఉండవు. ఫీజు ఎంత, ఫారం ఎలా ఉండాలి, ఎవరికి అప్పీలు చేసుకోవాలి, ఇలాంటివన్నీ "ప్రభుత్వం నియమాలు చేయవచ్చు" అని ఒక సెక్షన్ రాసి శాఖకు వదిలేస్తారు. సినిమా హాళ్ల చట్టం 1964ది. దాని కింద ఇప్పుడు నడుస్తున్న నియమాలు 2014వి. జులై 15న వచ్చింది ఆ 2014 నియమాలకు సవరణ చేస్తామని చెప్పే ముసాయిదా. "ఇలా మార్చాలనుకుంటున్నాం, అభ్యంతరం ఉన్నవాళ్లు 15 రోజుల్లో రాయండి" అని దానర్థం. దాని ప్రకారం ఎవరూ రేటు తగ్గించనక్కర్లేదు, తగ్గించలేదని కేసూ పెట్టలేరు. సెప్టెంబర్ 12న వచ్చిందే అసలు రూల్.

ముసాయిదాను గెజిట్‌లో ఎందుకు వేస్తారంటే, కొన్ని చట్టాలు "ముందుగా ప్రచురించి" నియమాలు చేయాలని షరతు పెడతాయి. ఆ మాట చట్టంలో ఉంటే ఏం చేయాలో జనరల్ క్లాజెస్ చట్టం (మిగతా చట్టాలను ఎలా చదవాలో చెప్పే చట్టం) చెప్తుంది. కేంద్రానిది 1897ది, కర్ణాటకకు 1899 నాటి సొంత చట్టం ఉంది, రెండింట్లో పద్ధతి దాదాపు ఒకటే. ముసాయిదా ప్రచురించాలి. ఏ తేదీ తర్వాత దాన్ని పరిశీలనకు తీసుకుంటారో చెప్పాలి. అప్పటికి వచ్చిన ఆక్షేపణలు, సలహాలు చూడాలి. ఆ తర్వాతే ఫైనల్.

ఫైలు పుట్టేది సంబంధిత శాఖలో. సినిమా హాళ్లు హోం శాఖ కింద ఉంటాయి, చాలామంది సమాచార శాఖ అనుకుంటారు. కేస్ వర్కర్, అంటే ఫైలు చూసే గుమాస్తా, నోట్ పెడతాడు. అండర్ సెక్రటరీ, డిప్యూటీ సెక్రటరీ మీదుగా పైకి పోతుంది. డబ్బుతో ముడిపడితే ఆర్థిక శాఖకు, ఆ తర్వాత న్యాయ, శాసన రచన శాఖల వైపుకు. అక్కడ కామా దగ్గర కూడా ఫైలు వెనక్కి వస్తుంది. చివర "రాజ్యపాలర ఆదేశానుసార మత్తు అవర హెసరినల్లి" (గవర్నర్ ఆదేశం మేరకు, ఆయన పేరు మీద) అని రాసి, కింద అండర్ సెక్రటరీ స్థాయి అధికారి సంతకం. గవర్నర్ ఆ కాగితాన్ని కళ్లతో చూసి ఉండకపోవచ్చు, కానీ రాజ్యాంగం 166వ అధికరణం ప్రకారం అంతా ఆయన పేరు మీదే జరగాలి.

వైట్‌ఫీల్డ్ శ్రీను · ఉదయం 11:31

ఇంత వివరంగా చెప్పినందుకు థాంక్స్ సార్. మరి ఆ 15 రోజుల్లో ఎవరైనా రాస్తే నిజంగా చూస్తారా? లేక తంతేనా?

లా పాయింట్ · మధ్యాహ్నం 12:40

చూశారనడానికి ఈ సినిమా రూలే సాక్ష్యం. జులై ముసాయిదాలో వినోదపు పన్ను కలుపుకుని రూ.200 అన్నారు. అది అన్ని హాళ్లకూ, మల్టీప్లెక్సులకూ కలిపి. సెప్టెంబర్ ఫైనల్‌లో రెండు మార్పులొచ్చాయి. ఒకటి, పన్నులు కాకుండా రూ.200. వంద రూపాయలు దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ కాబట్టి చేతిలోంచి పోయేది రూ.236. రెండోది, ప్రీమియం సదుపాయాలతో 75 లేదా అంతకన్నా తక్కువ సీట్లున్న స్క్రీన్లకు మినహాయింపు. రిక్లైనర్ సోఫాల హాళ్లు బయటపడ్డాయి. ఈ రెండూ ఎవరికి పనికొచ్చాయో మీరే ఊహించుకోండి. గడువులోగా హోం శాఖకు రాసింది ఎవరై ఉంటారు? మనమైతే కాదు. మనం గ్రూపులో లడ్డూ ఎమోజీలు పెట్టుకున్నాం.

ముసాయిదాకూ ఫైనల్‌కూ తేడా ఉంటే మళ్లీ మొదటినుంచి ప్రచురించాలా అని అడుగుతారు కొందరు. అక్కర్లేదు. ఆక్షేపణలు పిలిచేదే మార్చడానికి కదా. రూల్ స్వభావమే మారిపోయి, జనం అసలు ఊహించని కొత్త విషయం దూర్చితే అప్పుడు కోర్టులో ఇబ్బంది వస్తుంది.

ఇక స్టే సంగతి. సెప్టెంబర్ 23న సింగిల్ జడ్జి ఇచ్చింది మధ్యంతర ఆదేశం, అంటే కేసు తేలేదాకా రూల్ ఆపమని. మల్టీప్లెక్సుల ప్రధాన వాదన "రూల్ పద్ధతి ప్రకారం చేయలేదు" అని కాదు, "1964 చట్టం రేటు నిర్ణయించే అధికారమే మీకు ఇవ్వలేదు" అని. ఈ తేడా ముఖ్యం. గెజిట్‌లో పడిందంటే పద్ధతి ప్రకారమే చేశారనడానికి అదే తిరుగులేని రుజువు అని జనరల్ క్లాజెస్ చట్టమే అంటుంది. కానీ తల్లి చట్టం (రూల్ ఏ చట్టం కింద చేశారో అది) ఇవ్వని అధికారాన్ని ఎంత అందంగా ప్రచురించినా తెచ్చుకోలేరు. సెప్టెంబర్ 30న అప్పీలు విన్న డివిజన్ బెంచ్ స్టే ఎత్తేయలేదు గానీ, అమ్మిన ప్రతి టికెట్‌కూ లెక్క ఉంచమంది. ప్రభుత్వం గెలిస్తే ఎక్కువ తీసుకున్నది ప్రేక్షకుడికి తిరిగివ్వాల్సి రావచ్చని. కాబట్టి ఆన్‌లైన్‌లో కొన్న టికెట్ మెయిళ్లు డిలీట్ చేయకండి.

సిల్క్‌బోర్డ్ బాధితుడు · మధ్యాహ్నం 12:52

రీఫండ్ వస్తే పాప్‌కార్న్ డబ్బులు కూడా కలిపి ఇమ్మనండి. ఎక్కువ బాధ అక్కడే.

కదిరి కోడలు · మధ్యాహ్నం 1:15

లా పాయింట్ అన్నా, మాకు ఏపీలో జరిగింది కూడా ఇలాంటిదే కదా? జీవో 35, 2021 ఏప్రిల్ 8. పంచాయతీ, నగర పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ అని ఏరియాల వారీగా రేట్లు పెట్టారు. ఆ డిసెంబర్‌లో హైకోర్టు ఆపింది. అప్పుడు హాళ్లు మూసేసిన ఓనర్లు మా ఊళ్లోనూ ఉన్నారు. తర్వాత 2022 మార్చిలో జీవో 13 వచ్చింది. అప్పుడు "ముసాయిదా, ఆక్షేపణలు" అన్న మాట విన్నట్టు గుర్తులేదు. అయితే జీవో, రూల్, నోటిఫికేషన్, మెమో, సర్కులర్, వీటిలో ఏది పెద్దది?

లా పాయింట్ · మధ్యాహ్నం 1:58

అక్కా, జీవో అనేది కాగితం పేరు. ఆ కాగితంలో ఏముందన్నదే ప్రశ్న. ఒకే సిరీస్ నంబరుతో ఒక జీవోలో రూల్ ఉండొచ్చు, ఇంకోదాంట్లో ఒక ఉద్యోగి బదిలీ ఉండొచ్చు. తల్లి చట్టంలోని ఫలానా సెక్షన్ కింద అని చెప్పి చేసిందైతే దానికి చట్టం బలం ఉంటుంది. ఏ సెక్షనూ చెప్పకుండా ప్రభుత్వం తన కార్యనిర్వాహక అధికారంతో ఇచ్చిందైతే, ఖాళీలు పూడ్చడానికి పనికొస్తుంది, ఉన్న రూల్‌కు ఎదురెళ్లలేదు. సర్కులర్, మెమో సాధారణంగా కింది అధికారులకు "ఇలా అమలు చేయండి" అని చెప్పేవి. రూల్‌లో ఒకటుండి సర్కులర్‌లో దానికి విరుద్ధంగా ఉంటే రూలే నిలుస్తుంది.

కర్ణాటకలోనే చూడండి. 2017లో రూ.200 పరిమితి ప్రభుత్వ ఆదేశంగా వచ్చింది, కోర్టుకెక్కింది, నిలవలేదు. ఈసారి అందుకే ఆదేశం బదులు రూల్ సవరణ దారి పట్టారని నా అంచనా.

సిల్క్‌బోర్డ్ బాధితుడు · మధ్యాహ్నం 2:10

మరి బైక్ టాక్సీలకు ఏ రూల్ అడ్డొచ్చింది? నాకు రోజూ ఆఫీసుకి అదే దిక్కు.

లా పాయింట్ · మధ్యాహ్నం 2:24

అక్కడ అడ్డొచ్చింది రూల్ కాదు, రూల్ లేకపోవడం. మోటారు వాహనాల చట్టం 93వ సెక్షన్ కింద మార్గదర్శకాలు, వాటికి తగ్గ నియమాలు రాష్ట్రం నోటిఫై చేసేదాకా నడపకూడదని 2025 ఏప్రిల్ 2న హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పు. గడువు పొడిగించాక జూన్ మధ్యలో బండ్లు ఆగాయి. ప్రభుత్వం రూల్ చేయడం ఒక అధికారమైతే, చేయకుండా కూర్చోవడం అంతకన్నా పెద్ద అధికారం. దాని మీద ఆక్షేపణలు పంపడానికి ముసాయిదా కూడా ఉండదు.

డల్లాస్ రిటర్న్ · మధ్యాహ్నం 3:30

నేను టెక్సస్‌లో ఒక రాష్ట్ర ఏజెన్సీకి కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేశాను. అక్కడి పద్ధతి కాస్త దగ్గర్నుంచి చూశాను కాబట్టి చెప్తున్నా. అక్కడ ఏ రాష్ట్ర ఏజెన్సీ అయినా రూల్ చేయాలంటే ముందు "టెక్సస్ రిజిస్టర్" అనే వారపత్రికలో ప్రతిపాదన వేయాలి. సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు ప్రతి శుక్రవారం తెస్తుంది. ఫైనల్ చేసేలోపు కనీసం 30 రోజులు జనానికి టైమ్. ప్రతిపాదనతోపాటు మొదటి అయిదేళ్లలో ప్రభుత్వానికి ఎంత ఖర్చు, పాటించేవాళ్లకు ఎంత ఖర్చు అనే అంచనా రాయాలి.

నాకు బాగా నచ్చింది ఆఖరి మెట్టు. ఫైనల్ ఆర్డర్‌లో వచ్చిన వ్యాఖ్యల సారాంశం ఇవ్వాలి, ఏ సంఘాలు అనుకూలం, ఏవి వ్యతిరేకం అని పేర్లు రాయాలి, ఒప్పుకోని వాటికి ఎందుకు ఒప్పుకోలేదో కారణం చెప్పాలి. ఆరు నెలల్లో ఫైనల్ చేయకపోతే ప్రతిపాదన దానంతటదే రద్దు. అయిపోయిన రూళ్లన్నీ "టెక్సస్ అడ్మినిస్ట్రేటివ్ కోడ్" అని ఒక్కచోట, సవరణలు కలిపేసి ఉంటాయి. ఇవాళ్టి రూల్ ఏంటో తెలుసుకోవడానికి నాలుగు పాత గెజిట్లు పక్కపక్కన పెట్టుకోనక్కర్లేదు.

ఇక్కడ మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పనిమీద ఒక కర్ణాటక నోటిఫికేషన్ చదివాను. "వచ్చిన ఆక్షేపణలు, సలహాలను ప్రభుత్వం పరిశీలించింది" అని ఒక్క వాక్యం. ఎవరు రాశారు, ఏం రాశారు, ఏం తోసిపుచ్చారు, ఒక్క ముక్క లేదు. దాన్ని సంప్రదింపు అంటే ఎలా నమ్మాలి?

పాతఫైలు · సాయంత్రం 5:02

డల్లాస్ రిటర్న్‌గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ ఒక్క వాక్యం వెనక ఏం జరుగుతుందో కూడా వినండి. చాలా నోటిఫికేషన్లలో ఆ వాక్యం కూడా ఉండదు, "ఎలాంటి ఆక్షేపణలు, సలహాలు రాలేదు" అని ఉంటుంది. అది అబద్ధం కాదు. నేను చూసిన ఫైళ్లలో ఎక్కువ వాటికి నిజంగానే ఎవరూ రాయలేదు. వచ్చినవాటిలో సగం "దయచేసి మాకు న్యాయం చేయగలరు" అనే వినతిపత్రాలు. ఏ రూల్‌లో ఏ మాట మార్చాలో ఉండదు. దాన్ని కేస్ వర్కర్ ఏం చేయగలడు? సంఘాలు, కంపెనీలు మాత్రం లాయర్‌తో రాయించి, పాత మాట, కొత్త మాట పక్కపక్కన పెట్టి పంపుతారు. అది నోట్‌లోకి ఎత్తుకోవడం తేలిక. ఎవరి కాగితం పనికొస్తే వాళ్ల మాట రూల్‌లోకి వెళ్తుంది.

ఇంకో సంగతి. ఫైనల్ నోటిఫికేషన్లో "సదరు గెజిట్ ఫలానా తేదీన ప్రజలకు అందుబాటులోకి వచ్చింది" అని వేరే వాక్యం ఉంటుంది, గమనించండి. గెజిట్ మీద ముద్రించిన తేదీ ఒకటి, అది జనం చేతికి వచ్చిన తేదీ ఇంకొకటి కావచ్చు. పేపరు గెజిట్ కాలంలో దీనికి చాలా విలువ ఉండేది, ప్రింటింగ్ ఆలస్యమైతే జనం గడువు తినేసినట్టయ్యేది.

డల్లాస్ రిటర్న్ · సాయంత్రం 5:20

సార్, "ఎవరూ రాయలేదు" అన్నారు. ముసాయిదా వచ్చిందని తెలిస్తే కదా రాసేది? ఏ మామూలు మనిషి రోజూ గెజిట్ తెరిచి చూస్తాడు? గెజిట్ అంటే మనకు తెలిసింది పేరు మార్చుకోవడం, గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కోసం తిరగడం.

లా పాయింట్ · సాయంత్రం 6:45

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. జైపూర్ సంస్థానంలో 1923లో మంత్రిమండలి నల్లమందు మీద ఒక చట్టం తీర్మానం చేసి పెట్టింది, ఎక్కడా ప్రచురించలేదు. తర్వాత హర్లా అనే ఆయన్ని దాని కింద పట్టుకుని రూ.50 జరిమానా వేశారు. 1951లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. మంత్రులు గదిలో కూర్చుని తీర్మానం చేస్తే చాలదు, ఆ సంగతి ఏదో ఒక పద్ధతిలో జనానికి తెలియాలి, తెలియని చట్టంతో మనిషిని శిక్షించడం సహజ న్యాయానికే విరుద్ధం అంది.

మన ఊరి కేసు ఇంకా బాగుంటుంది. బీకే శ్రీనివాసన్ వర్సెస్ కర్ణాటక ప్రభుత్వం, 1987. బెంగళూరులో ఎత్తైన బిల్డింగుల గొడవ. టౌన్ ప్లానింగ్ నిబంధనలను సరిగా ప్రచురించలేదు కాబట్టి అవి మాకు వర్తించవన్నది కట్టేవాళ్ల వాదన. తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఢిల్లీ వెళ్లిన మన తెలుగు జడ్జి. చట్టం సభలో అందరి ముందు చేస్తారు, ఇలాంటి నిబంధనలు మాత్రం మంత్రిగారి గదిలోనో సెక్రటరీ గదిలోనో చడీచప్పుడు లేకుండా తయారవుతాయి కాబట్టి వాటికి ప్రచురణ తప్పనిసరి, అది జరిగినప్పటి నుంచే అవి అమల్లోకి వస్తాయి అన్నది ఆయన తేల్చిన సూత్రం. అయితే బిల్డర్లు గెలవలేదు. ప్లాను, నిబంధనలు ఆఫీసులో చూసుకోవచ్చని గెజిట్‌లో వేశారు కాబట్టి ఆ చట్టం ప్రకారం అది చాలు అన్నారు.

కాబట్టి చట్టం దృష్టిలో "తెలియడం" అంటే గెజిట్‌లో పడటం. మీరు చదివారా లేదా అని ఎవరూ అడగరు.

పీజీ నెల్లూరు · రాత్రి 8:10

అన్నా, నాదొక చిన్న సందేహం. హెచ్‌ఎస్‌ఆర్ దగ్గర పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) నడుపుతున్నా, మనోళ్ల పిల్లలే ఎక్కువ. 2024లో బీబీఎంపీ (బెంగళూరు నగరపాలక సంస్థ) వాళ్లు పీజీలకు మార్గదర్శకాలు అని ఇచ్చారు కదా. మనిషికి కనీసం 70 చదరపు అడుగులు, రోజుకు 135 లీటర్ల నీళ్లు, సీసీ కెమెరాలు, వంటకు ఫుడ్ సేఫ్టీ లైసెన్సు. ఇది రూలా, సర్కులరా? దీనికి ముసాయిదా ఏదీ నేను చూళ్లేదు. ఇప్పుడు బీబీఎంపీయే లేదు, అయిదు కార్పొరేషన్లు అయ్యాయి. మరి అది ఉన్నట్టా, పోయినట్టా? టెన్షన్‌గా ఉంది.

లా పాయింట్ · రాత్రి 8:48

పోయినట్టు అనుకుని కెమెరాలు పీకేయొద్దు తమ్ముడూ. పాత సంస్థ పోయి కొత్తది వచ్చినప్పుడు, కొత్త చట్టానికి విరుద్ధం కానంతవరకు పాత నియమాలు, ఆదేశాలు మార్చేదాకా నడుస్తాయని చట్టాల్లో మామూలుగా ఒక సెక్షన్ పెడతారు. బీబీఎంపీ బదులు అయిదు కార్పొరేషన్లు తెచ్చిన గ్రేటర్ బెంగళూరు చట్టం చివరి పేజీల్లో అలాంటిది వెతికి చదువుకో. ఎవరూ చదవరు గానీ, సంస్థలు మారినప్పుడు పనికొచ్చేవి ఆ పేజీలే.

ఇక రూలా, సర్కులరా అన్నదానికి. కార్పొరేషన్ బైలా (తన సొంత నిబంధన) చేయాలంటే దానికి వేరే తంతు ఉంది, ముసాయిదా, ప్రభుత్వ ఆమోదం, గెజిట్. ఈ మార్గదర్శకాలు ట్రేడ్ లైసెన్సును పట్టుకుని వచ్చినవి. లైసెన్సులో షరతుగా రాస్తే దానికి పట్టుంటుంది, తప్పితే లైసెన్సు రెన్యువల్ దగ్గర ఆపుతారు. ఒట్టి సర్కులర్ చూపించి అక్కడికక్కడే జరిమానా కట్టమంటే మాత్రం "ఏ చట్టం, ఏ సెక్షన్, రసీదు ఏది" అని మర్యాదగా అడుగు. అది అడిగితే సగం మంది మళ్లీ వస్తామని వెళ్లిపోతారు.

కదిరి కోడలు · రాత్రి 9:05

మర్యాదగా అడిగినా మరుసటి వారం నీళ్ల ట్యాంకరు దగ్గర ఏదో ఒకటి పట్టుకుంటారు అన్నా. మా చెల్లెలి భర్త పీజీ చూసుకునేవాడు, నాకు తెలుసు.

కేపీఎస్సీ యాత్రికుడు · 5 అక్టోబర్, ఉదయం 7:30

ఉద్యోగార్థుల వైపు నుంచి ఒక మాట. మాలాంటివాళ్లకు ముసాయిదా చదవడం అలవాటు, ఎందుకంటే ప్రతి శాఖ నియామక నియమాలు ముందు ముసాయిదాగా వస్తాయి. 1978 నాటి కర్ణాటక రాష్ట్ర సివిల్ సర్వీసుల చట్టం కింద చేస్తారు, సాధారణంగా 15 రోజుల గడువు. ఏ డిగ్రీ సరిపోతుంది, ప్రమోషన్‌కి ఎంత శాతం, నేరుగా ఎంత శాతం, అంతా అందులో తేలిపోతుంది. ఉద్యోగ ప్రకటన వచ్చాక "మా డిగ్రీని ఎందుకు పెట్టలేదు" అని పబ్లిక్ సర్వీస్ కమిషన్ (కేపీఎస్సీ) ఆఫీసు ముందు ధర్నా చేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది. కమిషన్ చేతిలో ఏమీ ఉండదు, అది రూల్‌ని అమలు చేస్తుందంతే.

ఎక్కడ చూడాలో తెలియనివాళ్లకు: ఈ-రాజ్యపత్ర అని రాష్ట్ర గెజిట్ వెబ్‌సైట్ ఉంది. మామూలు గెజిట్ గురువారం వస్తుంది. కానీ మీకు కావలసింది ఎక్కువగా విశేష గెజిట్లలో ఉంటుంది, అవి ఏ రోజైనా రావచ్చు. రూళ్లకు భాగం నాలుగు-ఎ చూడండి. కన్నడ రాకపోయినా భయం లేదు, చాలావాటికి వెనక పేజీల్లో ఇంగ్లిష్ పాఠం కూడా వేస్తారు. గవర్నర్ అధికారంతో గెజిట్‌లో వేసిన ఆ ఇంగ్లిష్ పాఠాన్నే ఇంగ్లిష్‌లో అధికారిక పాఠంగా చూస్తారు, 348వ అధికరణం. పైన "కరడు" అని ఉంటే ముసాయిదా.

డల్లాస్ రిటర్న్ · ఉదయం 9:10

ఆ పీడీఎఫ్‌లు చాలాసార్లు స్కాన్ చేసిన బొమ్మలు. అందులో మాట వెతకలేం, గూగుల్‌కూ దొరకదు. ప్రచురించామంటారు గానీ దొరకనిదాన్ని ప్రచురణ అని ఎలా అంటాం? పైగా సవరణ నోటిఫికేషన్ "55వ నియమంలో ఫలానా మాటల బదులు ఫలానా మాటలు" అని ఉంటుంది. సినిమా రూలే తీసుకుంటే, అసలు 55వ నియమం కోసం 2014 గెజిట్‌కి పోవాలి, మధ్యలో ఇంకో సవరణ వచ్చిందేమో చూడాలి. శాసన రచన శాఖ సైట్లో చట్టాలు, నియమాలు పెడతారు, మంచిదే, కానీ తాజా సవరణ కలిసిందో లేదో మనమే సరిచూసుకోవాలి.

పాతఫైలు · ఉదయం 10:00

ఈ విషయంలో మీతో వాదించను. కలిపి రాసిన ప్రతి లేకపోవడం మాకూ తలనొప్పే. మా సెక్షన్‌లో పాత నియమాల పుస్తకంలో సవరణ చీటీలు కత్తిరించి జిగురుతో అంటించేవాళ్లం. ఆ పుస్తకం ఎవరి టేబుల్ మీద ఉంటే ఆయనే మహారాజు.

కానీ "టెక్సస్‌లోలాగా ఇక్కడ లేదు" అనేది పూర్తిగా ఒప్పుకోను. కర్ణాటక విద్యుత్ నియంత్రణ కమిషన్ టారిఫ్ ఆర్డర్ ఒకటి తెరిచి చూడండి. వచ్చిన అభ్యంతరం, బెస్కాం (బెంగళూరు కరెంటు పంపిణీ సంస్థ) ఇచ్చిన జవాబు, దాని మీద కమిషన్ అభిప్రాయం వరుసగా రాసి ఉంటాయి. బహిరంగ విచారణ పెడతారు, ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు. అదే రాష్ట్రం, అదే నగరం. అంటే చేయాలనుకుంటే చేయడానికి ఇక్కడా దారి ఉంది. విద్యుత్ చట్టం ఆ పని చేయక తప్పని స్థితి కల్పించింది. మిగతా శాఖలకు ఆ ఒత్తిడి లేదు.

డల్లాస్ రిటర్న్ · ఉదయం 10:14

నేను అడిగేదీ అదే సార్. ఒత్తిడి ఎక్కడి నుంచి రావాలి?

లా పాయింట్ · ఉదయం 11:40

శాసనసభ నుంచి రావాలి. చేసిన ప్రతి రూల్‌నూ ఉభయ సభల ముందు, మొత్తం 30 రోజులు పెట్టాలని చాలా చట్టాల్లో ఉంటుంది. సభ మార్చమంటే మార్చాలి, వద్దంటే పోతుంది. దానికోసం సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీ కూడా ఉంది. టేబుల్ మీద కాగితాల కట్ట పెడతారు, ఎవరూ లేవరు. అది మన ఎమ్మెల్యేల మీద నా ఫిర్యాదు, ఏ పార్టీ అని కాదు.

కేంద్రంలో 2014 నుంచి ముందస్తు సంప్రదింపుల విధానం అని ఒకటి ఉంది, కనీసం 30 రోజులు ముసాయిదా జనంలో పెట్టాలని. అది విధానమే, చట్టం కాదు, రాష్ట్రాలను కట్టేయదు.

ఇంకో దారి సమాచార హక్కు. ఫైనల్ వచ్చాక "ఈ ముసాయిదాకు వచ్చిన ఆక్షేపణల నకళ్లు, వాటి పరిశీలన నోట్ ఇవ్వండి" అని అడగొచ్చు. ఫీజు పది రూపాయలు. కర్ణాటకలో దరఖాస్తు ఒకే విషయం మీద, సాధారణంగా 150 పదాల లోపు ఉండాలి. తమాషా ఏంటంటే ఆ 150 పదాల పరిమితి కూడా చట్టంలో లేదు, రాష్ట్రం చేసిన రూల్‌లో ఉంది.

కదిరి కోడలు · మధ్యాహ్నం 12:05

ఇక్కడ దొరకడం కష్టమంటున్నారు, 2021 ఆగస్టులో ఏపీలో జీవోలు ఆన్‌లైన్‌లో పెట్టడమే ఆపేశారు గుర్తుందా? 2008 నుంచి ఉన్న సైటు. మావారు టీచరు, సెలవుల జీవో కోసం యూనియన్ వాళ్ల వాట్సాప్ మీదే ఆధారపడ్డాం. ఏది అసలో, ఏది ఎడిట్ చేసిందో తెలిసేది కాదు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పెట్టడం మొదలుపెట్టారు. స్కాన్ బొమ్మ అయినా సైటులో ఉందంటే అదే మేలు అనిపిస్తుంది నాకు.

సిల్క్‌బోర్డ్ బాధితుడు · మధ్యాహ్నం 12:11

ఎడిట్ చేసిన జీవో మా కాలనీలో ఒకటి తిరిగింది. స్కూళ్లకు సెలవని. పిల్లలు నమ్మారు, హెడ్మాస్టర్ నమ్మలేదు.

పీజీ నెల్లూరు · మధ్యాహ్నం 2:35

సరే, ఒప్పుకుంటున్నా, ముసాయిదా టైమ్‌లోనే రాయాలి. మా పీజీ ఓనర్ల గ్రూపులో అందరం కలిసి రాస్తాం ఈసారి. కానీ ఎలా రాయాలి? మాకు లాయర్ భాష రాదు. పాతఫైలు సార్ చెప్పిన ఆ "పనికొచ్చే కాగితం" ఎలా ఉంటుందో ఒకటి చూపించండి.

పాతఫైలు · సాయంత్రం 4:20

లాయర్ భాష అక్కర్లేదు బాబూ. ఉదాహరణకు రేపు పీజీల మీద ముసాయిదా వచ్చి, అందులో అయిదో నియమం "ప్రతి గదిలో ఒక్కొక్కరికి 70 చదరపు అడుగులు" అని ఉందనుకో. ఇలా రాయి:

"విషయం: ఫలానా నంబరు, ఫలానా తేదీ ముసాయిదా నోటిఫికేషన్, అయిదో నియమంపై ఆక్షేపణ. మేము ఫలానా ప్రాంతంలో లైసెన్సు ఉన్న పీజీ నడుపుతున్నాము, ఈ నియమం మాకు వర్తిస్తుంది. ముసాయిదాలోని మాట: 'ప్రతి గదిలో ఒక్కొక్కరికి 70 చదరపు అడుగులు'. మేము కోరుతున్న మాట: '70 చదరపు అడుగులు, గదికి అనుబంధంగా ఉన్న బాల్కనీ, అల్మరా స్థలంతో కలిపి, ఇప్పటికే లైసెన్సు ఉన్న కట్టడాలకు రెండేళ్ల గడువుతో'. కారణం: ఇప్పుడున్న గదుల కొలతలు ఇవి, ఒక్కో గదికి ఒక మంచం తగ్గితే అద్దె ఇంత పెరుగుతుంది. పట్టిక జతపరిచాము."

ఒక కాగితంలో ఒక నియమం గురించే రాయండి. పది నియమాల మీద కోపం ఒకే ఉత్తరంలో పోస్తే దేన్నీ నోట్‌లోకి ఎక్కించరు. అందరూ ఒకే ఉత్తరం మీద సంతకాలు పెట్టడం కన్నా ఎవరి గది కొలతలు వాళ్లు వేసి విడివిడిగా పంపడం నయం. గడువు చివరి రోజు దాకా ఆగొద్దు, ఆ తేదీకి ఆఫీసుకు చేరాలి, మీరు పోస్టులో వేసిన తేదీ చూడరు. ముసాయిదాలో ఏ అధికారి పేరిట పంపమన్నారో ఆయనకే పంపాలి. మంత్రికి ఇస్తే అది ఆయన ఆఫీసులోనే ఉండిపోతుంది.

లా పాయింట్ · సాయంత్రం 4:41

ఇంకొకటి కలపండి. "బాల్కనీతో కలిపి" అన్నది వాళ్లు ఒప్పుకోరు, "రెండేళ్ల గడువు" ఒప్పుకోవచ్చు. రెండూ అడగండి. ఈమెయిల్ ఇచ్చి ఉంటే దానికీ పంపండి, కాగితం నేరుగా ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే ఆవక విభాగంలో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. రేపు "ఆక్షేపణలు రాలేదు" అని గెజిట్‌లో రాస్తే కోర్టులో ఆ ముద్రే మీ ఆధారం.

పీజీ నెల్లూరు · సాయంత్రం 5:03

విధానసౌధ దాకా వెళ్లి ముద్ర వేయించుకోవడం కష్టం అన్నా, గేటు పాస్ గొడవ. రిజిస్టర్డ్ పోస్టు చేస్తే చాలదా?

కేపీఎస్సీ యాత్రికుడు · సాయంత్రం 5:09

రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టే చేయండి, డెలివరీ అయినట్టు ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసి దాచుకోండి. దానికి కూడా గెజిట్ నోటిఫికేషన్ ఉంది, చదివేవాళ్లు చదువుకోవచ్చు.